లైమ్ రీజిస్ రాళ్ల దుకాణానికి పిల్లలతో వెళ్లేముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, డోర్సెట్ కౌంటీకి పడమటి అంచున లైమ్ రీజిస్ అనే చిన్న ఊరుంది. శిలాజాలు రాలిపడే తీరానికీ, వాటిని అమ్మే దుకాణాలకూ ఆ ఊరు పెట్టింది పేరు. స్కూళ్లకు సెలవులిచ్చినప్పుడు లండన్, రీడింగ్, సౌతాంప్టన్ వైపు ఉండే తెలుగు కుటుంబాలు అక్కడికి వెళ్తుంటాయి. ఇండియా నుంచి అమ్మమ్మలూ తాతయ్యలూ వచ్చి ఉంటే వాళ్లూ బయల్దేరతారు. వెళ్లేముందు తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే ఉంటున్నాయి కాబట్టి ఇక్కడ వరసగా రాసి పెడుతున్నాను.

రాళ్లు చూడ్డానికి అంత దూరం వెళ్లాలా?

మా మామగారు అడిగిన మొదటి ప్రశ్న ఇదే. "కర్నూలు నుంచి వచ్చినవాడికి రాళ్లు చూపిస్తావా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే.

లైమ్ రీజిస్ ఉన్న తీరాన్ని జురాసిక్ కోస్ట్ అంటారు. ఎక్స్‌మౌత్ దగ్గర మొదలై స్టడ్‌లాండ్ దాకా 95 మైళ్లు. 2001లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ట్రయాసిక్, జురాసిక్, క్రెటేషియస్ అనే మూడు యుగాల రాళ్లు, అంటే సుమారు 18.5 కోట్ల ఏళ్ల చరిత్ర, ఈ ఒక్క తీరం వెంట వరసగా బయటపడి ఉంటుంది. లైమ్ దగ్గరున్నవి సున్నపురాయి, బంకమట్టి పొరలు మార్చి మార్చి పేరుకున్న చరియలు. ఒకప్పుడు వెచ్చని సముద్రం అడుగున చేరిన బురద అది. చలికాలం వానలకూ అలలకూ ఆ చరియలు విరిగిపడుతుంటాయి, లోపలున్న శిలాజాలు బీచ్ మీదికి వస్తాయి.

శిలాజాల దుకాణాలు లండన్‌లో కూడా ఉన్నాయి. కాని ఇక్కడ అద్దాల బీరువాలో చూసిన వస్తువు పుట్టిన చోటుకు పిల్లవాడు పది నిమిషాల్లో నడిచి వెళ్లగలడు. దూరం వెళ్లడానికి ఆ ఒక్క కారణం చాలు.

ఎలా వెళ్లాలి?

కారులో లండన్ నుంచి మూడు గంటలు, వేసవి శనివారమైతే ఇంకా ఎక్కువే. రైల్లో అయితే వాటర్‌లూ నుంచి ఎక్సెటర్ వెళ్లే లైన్‌లో ఆక్స్‌మిన్‌స్టర్ దగ్గర దిగి, బస్సు పట్టుకోవాలి. ఊరి మధ్యలో పార్కింగ్ దొరకడం కష్టం. పైన ఉన్న కార్ పార్కుల్లో పెట్టి నడిచి దిగడం మేలు.

మేరీ ఆనింగ్ అని అందరూ అంటున్నారు, ఎవరామె?

ఈ ఊళ్లో రాళ్ల దుకాణం అనే మాటకు అర్థం తెచ్చిన మనిషి. పిల్లలకు కారులోనే ఈ కథ చెప్పేయండి, దిగాక ప్రతిదీ వేరేగా కనిపిస్తుంది.

మేరీ 1799లో ఇక్కడే పుట్టింది. 1800లో, ఇంకా పసిపిల్లగా ఉండగా పిడుగు పడి ఆమెను ఎత్తుకున్న మనిషితో సహా ముగ్గురు ఆడవాళ్లు చనిపోయారు, మేరీ బతికింది. తండ్రి రిచర్డ్ వడ్రంగి. బీచ్ మీద ఏరిన వింత రాళ్లను ఇంటి ముందు బల్ల మీద పెట్టి, సముద్ర స్నానాలకు వచ్చే డబ్బున్నవాళ్లకు అమ్మేవాడు. 1810లో అప్పులు మిగిల్చి పోయాడు. మేరీ, అన్న జోసెఫ్ ఆ రాళ్ల బేరాన్నే బతుకుతెరువు చేసుకున్నారు. 1811లో జోసెఫ్‌కు ఒక పెద్ద పుర్రె దొరికింది. మరుసటి ఏడు మిగతా అస్థిపంజరాన్ని మేరీ కనిపెట్టింది. అది ఇక్తియోసార్, సముద్రంలో ఈదే సరీసృపం. దాన్ని సుమారు 23 పౌన్లకు అమ్మారు. దాని పుర్రె ఇప్పటికీ లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉంది.

1823లో ప్లీసియోసార్ అనే పొడుగు మెడ సముద్ర సరీసృపం మొదటి పూర్తి అస్థిపంజరం ఆమెకే దొరికింది. దాని మెడ పొడుగు చూసి ఫ్రాన్స్‌లోని మహా పండితుడు కువియే ఇది అతికించిన బొమ్మేమో అని అనుమానించాడు, తర్వాత ఒప్పుకున్నాడు. 1826లో గాజు కిటికీ ఉన్న సొంత దుకాణం పెట్టింది. 1828లో ఎగిరే సరీసృపాన్ని కనిపెట్టింది. పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు ఆమె దగ్గర కొనుక్కెళ్లి, వాటి మీద వ్యాసాలు రాసుకున్నారు. ఆమె పేరు మాత్రం చాలా వ్యాసాల్లో కనిపించదు. లండన్ జియలాజికల్ సొసైటీ ఆడవాళ్లను ఫెలోలుగా తీసుకున్నది 1919లో. మేరీ 1847లోనే చనిపోయింది.

ఇప్పుడున్న లైమ్ రీజిస్ మ్యూజియం ఆమె పుట్టిన ఇంటి స్థలంలోనే కట్టారు. 2022లో పెట్టిన కంచు విగ్రహం ఊరి తూర్పు వైపు ఉంటుంది: చేతిలో సుత్తి, పక్కన ట్రే అనే కుక్క. ఆ కుక్క 1833లో చరియ విరిగిపడి మేరీ కళ్ల ముందే చనిపోయింది. చరియల కిందికి ఎందుకు వెళ్లకూడదో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే వేరే పాఠం అక్కర్లేదు.

ముందు దుకాణమా, బీచా?

ముందు దుకాణం, తర్వాత బీచ్, మళ్లీ దుకాణం. మొదటిసారి చూడ్డానికి మాత్రమే అని పిల్లలకు ముందే చెప్పండి. అరగంట చాలు.

కారణం ఏంటంటే, ఏం వెతకాలో కంటికి తెలియకపోతే బీచ్ మీద అన్నీ బూడిదరంగు రాళ్లే. దుకాణంలో అమ్మోనైట్ అనే పాత సముద్ర జీవి చుట్టలను, బలపం ముక్కలా ఉండే బెలెమ్నైట్లను (స్క్విడ్ లాంటి జీవి లోపలి గట్టి భాగం), సముద్రపు లిల్లీ అని పిలిచే క్రైనాయిడ్ జీవి నక్షత్రాల్లాంటి కాడ ముక్కలను దగ్గర్నుంచి చూసిన పిల్లలు బీచ్‌లో పెద్దవాళ్ల కంటే ముందు కనిపెడతారు. నిలబడి చూసే మనకంటే వాళ్లు నేలకు దగ్గరగా ఉంటారు కూడా. చివర్లో దుకాణానికి తిరిగొచ్చాక కొనే వస్తువు కూడా మారిపోతుంది. పొద్దున మెరిసే ఊదారంగు రాయి కావాలన్న పిల్ల, సాయంత్రం తనకు దొరికిన ముక్క పూర్తిగా ఉంటే ఎలా ఉండేదో చూపించే అమ్మోనైట్ అడుగుతుంది.

దీనికి ఒక్క మినహాయింపు సముద్రపు పోటు. ఆ రోజు పొద్దున్నే నీరు తగ్గుతూ ఉంటే బీచ్‌కే ముందు వెళ్లాలి. దుకాణం ఎక్కడికీ పోదు.

పిల్లలకు ఏ వయసు ఉంటే బాగుంటుంది?

ఐదు నుంచి పన్నెండు. అంతకంటే చిన్నవాళ్లను తీసుకెళ్లొచ్చు గాని దుకాణంలో ఒకరు పూర్తిగా వాళ్ల వెనకే ఉండాలి. మూడేళ్ల లోపు పిల్లలకు నున్నని చిన్న రాళ్లంటే నోట్లో పెట్టుకునేవే. దుకాణాల్లో నడిచే దారులు ఇరుకు, కింది అరల్లోనే బరువైనవి, పగిలేవి ఉంటాయి. పుష్‌చైర్ బయటే పెట్టమంటారు కొన్నిచోట్ల.

టీనేజర్లు మొహం మాడ్చుకుని వస్తారు. కాప్రొలైట్ అంటే ఏంటో చెప్పండి. శిలాజమైన పెంట. ఇక్తియోసార్ల పెంటలో చేప పొలుసులు కనిపిస్తాయని మేరీ గమనించింది, 1829లో విలియం బక్‌లాండ్ అనే ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ దానికి ఆ పేరు పెట్టాడు. కాప్రొలైట్లు పొదిగిన బల్ల ఒకటి కూడా ఆయన చేయించుకున్నాడు. అది ఇక్కడి మ్యూజియంలోనే ఉంది. టీనేజర్ ఫోన్ తీసి ఫొటో తీసుకోవడం ఖాయం.

ఎంత డబ్బు ఇవ్వాలి?

పిల్లవాడి చేతికి ఐదు పౌన్లు ఇచ్చి, ఇక అంతే అని చెప్పండి. నున్నగా అరగదీసిన రాళ్లు ఒక పౌను, రెండు పౌన్లకు దొరుకుతాయి. చిన్న సొరచేప పన్ను, చిన్న అమ్మోనైట్ ఆ ఐదులోనే వస్తాయి. ధరలు దుకాణాన్ని బట్టి మారుతుంటాయి. అదే అద్దాల బీరువాలో వందలు, వేల పౌన్ల ముక్కలుంటాయి, వాటిని చూడ్డానికి డబ్బు అక్కర్లేదు.

డబ్బు వాళ్లే లెక్కపెట్టి కౌంటర్‌లో ఇవ్వాలి. "అన్నయ్యకు పెద్దది వచ్చింది, నాకు చిన్నది" అనే గొడవ ఇద్దరికీ ఒకే మొత్తం ఇస్తే సగం తగ్గుతుంది. మిగతా సగం తగ్గదు.

ఏది కొంటే మంచిది?

ఈ ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఒకటే: ఎక్కడిదో రాసి ఉన్నది.

రంగు, మెరుపు, సైజు తర్వాత సంగతి. మంచి దుకాణంలో ప్రతి శిలాజం పక్కన ఒక చిన్న చీటీ ఉంటుంది. పేరు, దొరికిన చోటు, వయసు. ఆ చీటీ లేకపోతే అది అందమైన రాయి, అంతే. చీటీ ఉంటే దాని వెనక ఒక సముద్రమో అడవో ఉంది. కాబట్టి పిల్లలకు ఒక్క ప్రశ్న నేర్పించి లోపలికి పంపండి: "వేర్ ఈజ్ దిస్ ఫ్రమ్?" కౌంటర్‌లో ఉన్నవాళ్లు చాలామంది స్వయంగా శిలాజాలు వెతికేవాళ్లే. ఏడేళ్ల పిల్ల ఆ ప్రశ్న అడిగితే వాళ్ల మొహం వెలుగుతుంది, బీరువా తాళం కూడా తీస్తారు.

అడగడం మొదలుపెట్టాక పిల్లలకు తెలిసే మొదటి విషయం, లైమ్‌లో అమ్మేవన్నీ లైమ్‌వి కావు. నిజానికి చవగ్గా దొరికేవి ఎక్కువగా బయటివే. లోపల రంగురంగుల గదులు కనిపించేలా రెండుగా కోసి పాలిష్ చేసిన అమ్మోనైట్లు మడగాస్కర్‌వి, సుమారు 11 కోట్ల ఏళ్లవి. నల్లరాయిలో తెల్లటి పొడుగు గవ్వల్లా కనిపించే ఆర్థోసెరాస్‌లు మొరాకోవి, 35 కోట్ల ఏళ్లు దాటినవి. సొరచేప పళ్లు కూడా ఎక్కువగా మొరాకో ఫాస్ఫేట్ గనుల నుంచే వస్తాయి. చిన్న నల్ల ట్రైలోబైట్లు (పురుగుల్లా కనిపించే పాత సముద్ర జీవులు) అమెరికాలోని యూటా రాష్ట్రానివి, 50 కోట్ల ఏళ్లవి. లేత రంగు పలక మీద చిన్న చేప ఉంటే అది వయోమింగ్ నుంచి వచ్చిన నైటియా, 5 కోట్ల ఏళ్లది. లోపల గుహలా ఉండే ఊదారంగు అమెథిస్ట్ రాళ్లు బ్రెజిల్, ఉరుగ్వేల నుంచి.

ఇక మనవాళ్లను ఆశ్చర్యపరిచే అర ఒకటుంటుంది. గాజులా మెరిసే అపోఫిల్లైట్, గులాబీరంగు స్టిల్బైట్ స్ఫటికాలు, వాటి కింద "ఇండియా" అని చీటీ. పుణె, నాసిక్, జల్‌గావ్ ప్రాంతాల్లో బావులు తవ్వేటప్పుడు, క్వారీల్లో రాయి కొట్టేటప్పుడు దక్కన్ లావా రాళ్ల బుడగల్లో ఇవి దొరుకుతాయి. ఆ లావా 6.6 కోట్ల ఏళ్ల కిందటిది, మన తెలంగాణ పడమటి జిల్లాల నల్లరేగడి కింద ఉన్నదీ అదే.

లైమ్ చుట్టుపక్కల దొరికినవి కావాలంటే అలాగే అడగాలి. బంగారు రంగులో పైరైట్ అనే ఖనిజంగా మారిన చిన్న అమ్మోనైట్లు, బూడిదరంగు రాయిలో ఉన్న ప్రోమైక్రోసెరాస్ అనే రకం అమ్మోనైట్లు, బెలెమ్నైట్లు ఇక్కడివి. పక్కనున్న మడగాస్కర్ ముక్కంత అందంగా ఉండవు. నేనైతే మా పిల్లలకు ఒకటి ఇక్కడిది, ఒకటి వాళ్లకు నచ్చిన బయటిది అని లెక్క పెట్టాను.

అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది?

లైమ్‌లో పేరున్న దుకాణాలు మోసం చేసి బతకలేవు, చుట్టూ తెలిసినవాళ్లే ఉంటారు. అయినా ఎక్కడ కొన్నా పనికొచ్చే కొన్ని గుర్తులు:

ట్రైలోబైట్ల విషయంలో జాగ్రత్త. మొరాకో నుంచి వచ్చే పెద్ద ముళ్ల ట్రైలోబైట్లలో రెసిన్‌తో పోతపోసినవి ఉంటాయి. సన్నటి గాలి బుడగలు, అంచుల్లో అచ్చు గీత, ఒకే రకం పగులు రెండు మూడు ముక్కల మీద కనిపిస్తే అనుమానించాలి. ఇసుకరాయిలో పన్ను గుచ్చినట్టు ఉండే, మోససార్ అనే సముద్ర సరీసృపం దవడలు చాలావరకు పన్ను అసలుది, మిగతాదంతా జిగురు, ఇసుక.

రాళ్లలో కళ్లు చెదిరే నీలం, గులాబీ అగేట్ ముక్కలు రంగు వేసినవి. చవక టర్కోయిస్ పూసలు తరచు హౌలైట్ అనే తెల్లరాయికి రంగు పట్టించినవే. అడుగున తెల్లగా, పైన ముదురు నారింజరంగులో ఉన్న సిట్రిన్ చాలాసార్లు వేడిచేసిన అమెథిస్ట్. గోల్డ్‌స్టోన్, ఓపలైట్ రెండూ గాజు. ఇంద్రధనుస్సు మెట్లలా ఉండే బిస్మత్ స్ఫటికాలు కూడా దాదాపు అన్నీ మనుషులు పెంచినవే. చీటీ మీద ఆ సంగతి రాసి ఉంటే ఇందులో ఏదీ మోసం కాదు. బిస్మత్ అయితే పిల్లలకు కొనిపెట్టదగ్గదే, లోహం చల్లారుతూ మెట్లు ఎలా కడుతుందో దానికంటే బాగా ఏదీ చూపించదు.

ఇది డైనోసారేనా?

ప్రతి పిల్లవాడూ అడుగుతాడు. జవాబు దాదాపు ఎప్పుడూ "కాదు". ఇక్తియోసార్, ప్లీసియోసార్ సముద్రంలో బతికిన సరీసృపాలు, డైనోసార్లు కావు. అమ్మోనైట్లు ఆక్టోపస్, స్క్విడ్‌ల చుట్టాలు. పిల్లవాడి మొహం వాడిపోకముందే స్కెలిడోసారస్ గురించి చెప్పండి. లైమ్ పక్కనున్న చార్మౌత్ చరియల్లో 1858లో దాదాపు పూర్తి అస్థిపంజరం దొరికింది. వీపంతా ఎముక పలకలున్న, ఆకులు తినే నిజమైన డైనోసార్ అది.

మా అత్తయ్య "ఇది సాలగ్రామమే కదా" అంటున్నారు. నిజమా?

సగం కంటే ఎక్కువ నిజం. చాలా తెలుగు ఇళ్లలో పూజలో ఉండే సాలగ్రామాలు నేపాల్‌లో ముక్తినాథ్ కింద పారే కాళీ గండకి నదిలో దొరికేవి. నల్లటి గుండ్రాయి, లోపల చక్రం. ఆ చక్రం అమ్మోనైట్ చుట్టే. టెథిస్ అనే పాత సముద్రం అడుగు బురదలో సుమారు 15 కోట్ల ఏళ్ల కిందట పూడిపోయిన జీవాలు అవి. ఇండియా ఉన్న భూఫలకం వెళ్లి ఆసియాను ఢీకొట్టి హిమాలయాలు లేచినప్పుడు ఆ సముద్రపు అడుగు కూడా పైకి లేచింది. అందుకే సముద్ర జీవి మంచు కొండల నదిలో దొరుకుతోంది. లైమ్ అమ్మోనైట్లు వాటికంటే పాతవి, 19 నుంచి 20 కోట్ల ఏళ్లవి. జాతులు వేరు, వంశం ఒకటే.

ఇది విని ఎక్కువ సంతోషపడేది పిల్లలు కాదు, పెద్దవాళ్లు. అప్పటిదాకా "ఏం రాళ్లో ఏమో" అంటూ కుర్చీలో కూర్చున్న మా అత్తయ్య లేచి ప్రతి అమ్మోనైట్‌నీ తిప్పి చూశారు. చక్రాలు లెక్కపెట్టి ఏ మూర్తి అవుతుందో మనవరాలికి చెప్పారు. మనవరాలు ఆవిడకు ప్రోమైక్రోసెరాస్ అని పలకడం నేర్పింది.

ఇక్కడ కొన్నది దేవుడి గదిలో పెట్టొచ్చా అని కూడా అడుగుతారు. సాలగ్రామం అంటే గండకిలో దొరికిందే అని సంప్రదాయం. లైమ్‌ది షోకేసులో ఉంటేనే బాగుంటుందని నా అభిప్రాయం. ఇంట్లో పెద్దవాళ్ల మాట ఎటూ నాకంటే మీకు ముఖ్యం.

ఇంకో విషయం, ఈ దేశపువాళ్లకూ ఈ చుట్టల మీద కథలున్నాయి. ఉత్తరాన విట్‌బీ ఊళ్లో సెయింట్ హిల్డా అనే సన్యాసిని పాములన్నిటినీ రాళ్లుగా మార్చేసిందని చెప్పుకునేవారు. అమ్మోనైట్‌కు పాము తల చెక్కి యాత్రికులకు అమ్మేవారు.

జాతకానికి సరిపోయే జాతిరాళ్లు దొరుకుతాయా?

దొరకవు. ధరించే నాణ్యత ఉన్న కెంపులు, పుష్యరాగాలు ఈ దుకాణాల సరుకు కాదు. కొన్నిచోట్ల "మనశ్శాంతికి ఈ రాయి, నిద్రకు ఈ రాయి" అని బుట్టలుంటాయి. వాటికి శాస్త్రీయ ఆధారం లేదు. పిల్లలు అడిగితే "రాయి బాగుంది, ఆ మాట అమ్మడానికి రాసింది" అని చెప్పేస్తే సరిపోతుంది.

బీచ్‌లో దొరికింది ఇంటికి తెచ్చుకోవచ్చా?

లైమ్, చార్మౌత్ తీరాల్లో బీచ్ మీద విడిగా పడి ఉన్నవి ఏరుకోవచ్చు. చరియలను తవ్వకూడదు. అరుదైనది, శాస్త్రానికి పనికొచ్చేది దొరికితే చార్మౌత్‌లోని హెరిటేజ్ కోస్ట్ సెంటర్‌లో చూపించి నమోదు చేయించాలి. దొరికినదేంటో అక్కడివాళ్లు ఓపిగ్గా చెబుతారు. లైమ్‌కు పడమట మాన్మౌత్ బీచ్ మీద పెద్ద పెద్ద అమ్మోనైట్లు నిండిన రాతి పరుపు ఉంటుంది. అది చూడ్డానికి, చేయి పెట్టి తడమడానికి మాత్రమే.

సుత్తి అక్కర్లేదు. ఇంట్లో మేకులు కొట్టే సుత్తితో రాయి కొడితే ఉక్కు పెచ్చు లేచి కంట్లో పడుతుంది. జియాలజీ సుత్తి, కళ్లద్దాలు ఉన్నవాళ్ల సంగతి వేరు. చిన్నవాళ్లకు కళ్లే చాలు. గులకరాళ్ల మధ్య కూర్చుని చేత్తో కదిపితే పైరైట్ అమ్మోనైట్లు దొరికేది అక్కడే.

అసలు జాగ్రత్త రెండు విషయాల్లో. ఒకటి, ఆటుపోట్ల సమయాలు ముందే చూసుకుని నీరు తగ్గుతున్నప్పుడు బయల్దేరి, మళ్లీ పెరగకముందే తిరిగి రావాలి. లైమ్ నుంచి చార్మౌత్ వైపు నడిచేవాళ్లు మధ్యలో నీటికీ చరియకూ నడుమ చిక్కుకునే ప్రమాదం ఉంది. రెండు, చరియల పాదానికి దూరంగా ఉండాలి. 2008 మేలో ఈ రెండు ఊళ్ల మధ్య దాదాపు 400 మీటర్ల మేర చరియ జారిపోయింది. వాన పడ్డాక బురద గుట్టలు గట్టిగా కనిపిస్తాయి, కాలు పెడితే మోకాలి దాకా దిగుతుంది. మొదటిసారైతే మ్యూజియం వాళ్లు శిలాజాలు చూపిస్తూ నడిపించే ఫాసిల్ వాక్‌కు టికెట్ తీసుకోండి, ఈ టెన్షన్ అంతా వాళ్లకు వదిలేయొచ్చు.

బీచ్‌లో ఏమీ దొరక్క ఏడిస్తే?

ఏడుస్తారు. వేసవిలో మనకంటే ముందు వందమంది ఏరేసి ఉంటారు, తుపాను తర్వాతి చలికాలపు రోజుల్లోనే ఎక్కువ దొరుకుతాయి. మళ్లీ దుకాణానికి వెళ్లేది ఇందుకు కూడా. అయితే కొన్నదాన్ని "నీకు బీచ్‌లో దొరికింది" అని దొంగతనంగా ఇసుకలో పెట్టకండి. కొందరు చేస్తారు, సరదాగానే. మడగాస్కర్ అమ్మోనైట్ డోర్సెట్‌లో దొరికిందని పిల్లవాడు స్కూల్లో చెబితే టీచర్ ముందు వాడి పరువు పోతుంది.

పెద్దవాళ్లు నడవగలరా? తిండి సంగతి?

ఊరు ఏటవాలు. బ్రాడ్ స్ట్రీట్ దిగడం సులువు, ఎక్కడం మోకాళ్లకు పరీక్ష. సముద్రం పక్కనున్న మెరైన్ పరేడ్ మాత్రం చదునుగా ఉంటుంది, బెంచీలుంటాయి. వాళ్లను అక్కడ కూర్చోబెట్టి పిల్లలతో వెళ్లొచ్చు.

శాకాహారులకు చిప్స్, ఐస్‌క్రీమ్, కెఫేల్లో శాండ్‌విచ్ దొరుకుతాయి. పులిహోర డబ్బా తీసుకెళ్లడం ఉత్తమం. మూత తీసేముందు పైకి చూడండి. ఇక్కడి సీగల్స్ చేతిలోది చేతిలోనే లాక్కుపోతాయి, ఆవకాయ ముక్కను కూడా వదలవు.

ఇంటికి తెచ్చాక ఎలా దాచాలి?

బీచ్‌లో ఏరినవాటిని మంచినీళ్లలో కొన్ని రోజులు నానబెట్టి, నీళ్లు మారుస్తూ ఉప్పు వదలగొట్టాలి. తర్వాత బాగా ఆరనివ్వాలి. పైరైట్ అమ్మోనైట్లకు తేమ పడదు. గాలిలోని తేమతో పైరైట్ మెల్లగా విడిపోయి ఆమ్లం పుడుతుంది, బూడిదరంగు పొడి రాలుతుంది, గంధకం వాసన వస్తుంది. బాత్రూమ్ కిటికీలో పెట్టకండి. గాలి చొరని డబ్బాలో, కొత్త బూట్లతో వచ్చే సిలికా జెల్ పొట్లం వేసి ఉంచండి. అమెథిస్ట్ ఎండలో రంగు వెలిసిపోతుంది. సెలెనైట్‌ను నీళ్లతో కడగకూడదు, మెత్తటి రాయి అది, గోరుతోనే గీత పడుతుంది.

చీటీ పారేయకండి. రాయి మీదే ఒక మూల తెల్ల రంగు చుక్క పెట్టి దాని మీద అంకె వేసి, పుస్తకంలో ఆ అంకె ఎదురుగా పేరు, చోటు, తేదీ రాయించండి. మ్యూజియంలలో చేసేదీ ఇదే. రాతకోతలు ఇష్టపడని పిల్లలు కూడా ఈ పని మాత్రం చేస్తారు.

ప్రమాదకరమైన రాళ్లు ఉంటాయా?

కొన్ని. గలీనాలో సీసం ఉంటుంది, సిన్నబార్‌లో పాదరసం, ఆర్పిమెంట్‌లో ఆర్సెనిక్. చిన్నపిల్లలున్న ఇంటికి ఈ మూడూ వద్దు. మిగతావి ఏవి పట్టుకున్నా తినేముందు చేతులు కడిగిస్తే చాలు. వీటన్నిటికంటే నేను భయపడేది మాగ్నెటిక్ హెమటైట్ పేరుతో అమ్మే నల్లటి నున్నని జంట అయస్కాంతాలకు. అవి తయారుచేసినవి. పిల్లలు రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుని ప్రాణం మీదికి తెస్తాయి.

ఇండియా వెళ్లినప్పుడు ఇలాంటివి ఎక్కడ చూపించొచ్చు?

హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరం ఉంది. ప్రాణహిత-గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన జురాసిక్ కాలపు డైనోసార్, 1988లో పి. యాదగిరి దానికి పేరు పెట్టారు. లైమ్ చూసొచ్చిన పిల్లలకు ఇది మొదట చూపించండి. తిరుమల ఘాట్ రోడ్డులో కోట్ల ఏళ్ల ఎడంతో ఏర్పడిన రెండు రకాల రాళ్లు ఒకదాని మీద ఒకటి కూర్చున్న చోటు ఉంది, కొండ మీద శిలాతోరణం ఉంది. రెండూ జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలే, అక్కడ రాయి ముట్టుకోవడం వరకే. రాజమండ్రి దగ్గర కాటేరు క్వారీల్లో లావా పొరల మధ్య గవ్వల శిలాజాలున్న పొర ఉంది, కాని అవి క్వారీలు, పిల్లలతో వెళ్లే చోటు కాదు. కడప జిల్లా వేంపల్లె వైపు రాళ్లలో అలల్లాంటి గీతలు కనిపిస్తే అవి స్ట్రొమటొలైట్లు. సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టినవి, వంద కోట్ల ఏళ్లు దాటినవి. లైమ్‌లో ఉన్నవేవీ వయసులో వాటి దరిదాపుల్లోకి రావు. మా మామగారికి ఈ మాట చెప్పినప్పుడు ఆయన ఏమన్నారో రాయక్కర్లేదు.

కజిన్స్‌కు గిఫ్ట్‌గా రాళ్లు విమానంలో తీసుకెళ్లొచ్చా?

చిన్నవైతే ఇబ్బంది ఉండదు, కాని చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి. క్యాబిన్ బ్యాగులో పెద్ద రాళ్లుంటే సెక్యూరిటీలో ఆపి చూస్తారు. ఒక్కోదాన్ని విడిగా సాక్సులో చుట్టి, బిల్లు, చీటీ అదే సాక్సులో పెట్టండి. అమ్మోనైట్లను పాలిష్ చేసిన జతలుగా కొంటే ఒక సగం ఇక్కడి పిల్లకు, ఒక సగం విజయవాడలో ఉన్న కజిన్‌కు ఇవ్వొచ్చు. బరువు మాత్రం ముందే తూచుకోండి, పిల్లలు పెట్టెలో చెప్పకుండా ఇంకో నాలుగు దూర్చేసి ఉంటారు.